గుండె ఆపరేషన్ ఇప్పుడు చేయించాలా, ఆగాలా: వరంగల్ వైపు వాళ్ల కోసం (2021 జూన్ నెలాఖరులో రాసింది)

కొవిడ్ సెకండ్ వేవ్ తగ్గి, 2021 జూన్ 20న తెలంగాణలో లాక్‌డౌన్ ఎత్తేశారు. అప్పటి నుంచి నా ఫోన్‌కు తెరిపి లేదు. "అక్కా, బాపుకు ఏప్రిల్‌ల బైపాస్ అన్నరు. సెకండ్ వేవ్ వచ్చిందని ఆపిన్రు. ఇప్పుడు రమ్మంటున్నరు. పోవాల్నా? థర్డ్ వేవ్ అంటున్నరు కదా, అది గూడ పోయినంక చేపిద్దామా?" భూపాలపల్లి నుంచి, నర్సంపేట నుంచి, హుజూరాబాద్ నుంచి అందరిదీ ఇదే అడుగుడు. గుండె ఆపరేషన్ల ఐసీయూలో నర్సుగా చేసి రిటైరైన దాన్ని కాబట్టి చుట్టాలు, చుట్టాల చుట్టాలు నన్నే అడుగుతారు. ఒకాయనకు "వచ్చే వారమే పోండి" అని చెప్పి ఫోన్ పెట్టేసి, వెంటనే ఇంకొకామెకు "దసరా దాకా ఆగినా ఏం కాదమ్మా" అని చెప్పిన సందర్భాలున్నాయి. ఇద్దరి ధైర్యంలో తేడా లేదు, చేతిలో ఉన్న రిపోర్టులో ఉంది.

ఆగడంలో ఒక ప్రమాదం ఉంది, పోవడంలో ఒకటి ఉంది. పోవడంలో ఉన్నది అందరికీ తెలుసు: ఆస్పత్రిలో కొవిడ్ అంటుకుంటే ఎట్లా? ఈ భయం ఉత్తదేమీ కాదు. 2020 మొదటి మూడు నెలల్లో ఆపరేషన్‌కు ముందు వారంలో గానీ తర్వాతి 30 రోజుల్లో గానీ కొవిడ్ బయటపడిన 1,128 మందిని 24 దేశాల్లో గమనిస్తే, నెల తిరిగేలోపు వాళ్లలో 23.8 శాతం మంది చనిపోయారు. అన్ని రకాల ఆపరేషన్లూ కలిపిన లెక్క అది. అప్పటికి టీకా లేదు, ఎవరిని ఎట్లా విడదీయాలో ఆస్పత్రులకు తెలియదు. గుండె ఆపరేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. రక్తాన్ని మిషన్ మీద తిప్పినప్పుడు ఊపిరితిత్తులు మామూలుగానే కొంత వాస్తాయి. ఆ వాపు మీద వైరస్ వచ్చి పడితే వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది.

ఆగడంలో ఉన్న ప్రమాదం మాత్రం ఎవరికీ కనిపించదు. పొలం దగ్గర కూలబడి, 108 వచ్చేలోపే పోయినాయన పేరు ఏ కొవిడ్ లెక్కలోనూ ఉండదు.

రిపోర్టు ఏమంటోంది

యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లో అడ్డు చూపే పరీక్ష) కాగితం, ఎకో (గుండె స్కానింగ్) కాగితం ముందు పెట్టుకోండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, కొన్ని మాటలు వెతికితే చాలు.

"లెఫ్ట్ మెయిన్" అని ఉండి దాని పక్కన 50 శాతమో అంతకన్నా ఎక్కువో రాసి ఉంటే ఇక చర్చ అక్కర్లేదు. గుండె ఎడమవైపుకు రక్తం పోయే పెద్ద నాళం మొదట్లోనే అడ్డు పడింది. వేవ్ ఏ దశలో ఉన్నా, ఆపరేషన్లు చేస్తున్న ఆస్పత్రి దొరికితే పోవలసిందే. కూర్చున్నా పడుకున్నా నొప్పి వస్తున్నవాళ్లు, నెల కిందట ఎక్కిన మెట్లు ఈ నెల ఎక్కలేకపోతున్నవాళ్లు కూడా ఈ వరుసలోకే వస్తారు.

"సివియర్ ఏఎస్" అంటే బృహద్ధమని కవాటం (వాల్వ్) బాగా సన్నబడిందని. ఏ లక్షణమూ లేకపోతే డాక్టరు కొంతకాలం చూద్దామనవచ్చు. లక్షణం మొదలైతే మాత్రం లెక్క మారిపోతుంది. వాల్వ్ మార్చకపోతే, ఛాతీనొప్పి మొదలైనవాళ్లు సగటున 5 ఏళ్లు, కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు 3 ఏళ్లు, ఆయాసం పట్టుకున్నవాళ్లు 2 ఏళ్లు బతుకుతారని 1968 నుంచీ వైద్యులు చెబుతూనే ఉన్నారు. సగటు 2 ఏళ్లన్న మనిషిని ఇంకో ఆరు నెలలు ఆగమంటే, మిగిలినదాంట్లో పావు వంతు కోసేసినట్టే. ఇంట్లో పెద్దవాళ్లు "వయసైంది, ఆయాసం రాదా" అని సర్దుకుపోయేది ఎక్కువగా ఈ జబ్బులోనే. నడుస్తూ నడుస్తూ ఒకసారి కళ్లు తిరిగి పడ్డారా అని మీరే అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

"మైట్రల్ స్టెనోసిస్" అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే వాల్వ్ సన్నబడడం. ఇది మన పల్లెల్లో ఇంకా ఎక్కువే. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాతం జ్వరం వచ్చి, ముప్పై ఏళ్లకు ఆయాసంతో బయటపడుతుంది. ఎక్కువగా ఆడవాళ్లకే. వాల్వ్ మెత్తగా ఉండి, లోపల గడ్డకట్టిన రక్తం లేకపోతే ఛాతీ తెరవకుండా తొడ దగ్గరి నాళం నుంచి బెలూన్ పంపి వెడల్పు చేయవచ్చు. మత్తు తక్కువ, సాధారణంగా వెంటిలేటర్ అక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. కొవిడ్ కాలంలో ఈ జబ్బుకు ఇంతకన్నా మంచి ఎంపిక లేదు. "బెలూన్‌కు పనికొస్తదా సార్?" అని అడగకుండా ఓపెన్ ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఇంకో మాట. ఆ కీళ్లవాతం జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి తీసుకునే పెనిసిలిన్ సూదిని లాక్‌డౌన్‌లో వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆపరేషన్ ఆగితే ఆగనివ్వండి, ఆ సూది ఆగొద్దు.

ఇక ఆగగలిగినవాళ్లు. నడిస్తే నొప్పి, ఆగితే పోతుంది, నెలలుగా అట్లాగే ఉంది, మందులతో తగ్గుతోంది, లెఫ్ట్ మెయిన్ బాగుంది, ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం బయటికి తోస్తుందో చెప్పే అంకె) 35 కన్నా ఎక్కువుంది అంటే అంత భయం లేదు. ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనంలో ఇట్లాంటివాళ్లు 5,179 మందిని తీసుకుని, సగం మందికి యాంజియోగ్రామ్ తీసి వీలైతే స్టెంటో బైపాసో చేసి, సగం మందిని ముందుగా మందుల మీదే ఉంచారు. చావుల్లోనూ గుండెపోట్లలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో అచ్చయిన ఆ ఫలితం సరిగ్గా ఈ రోజుల కోసమే వచ్చినట్టుంది. పెద్దవాళ్లలో బయటపడిన, గుండె పైగదుల మధ్య రంధ్రం కూడా సాధారణంగా కొన్ని నెలలు ఆగుతుంది. పసిపిల్లల్లో పెద్ద రంధ్రం ఉండి, పాలు తాగుతూ ఆయాసపడుతూ బరువు పెరగకపోతే మాత్రం ఆగొద్దు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఒకసారి పెరిగి నిలబడిపోతే తర్వాత ఆపరేషన్ చేసినా లాభం ఉండదు.

నడుమ మిగిలేది పెద్ద గుంపు. మూడు నాళాల్లో అడ్డు, షుగర్, కొంచెం తగ్గిన ఈఎఫ్, మందులతో ఎట్లనో నెట్టుకొస్తున్నారు. వీళ్లకు నా సలహా సూటిగా: ఇప్పుడే చేయించుకోండి. కేసులు తగ్గాయి, ఐసీయూ బెడ్లు దొరుకుతున్నాయి, ఆక్సిజన్ ఉంది. థర్డ్ వేవ్ పోయాక చూద్దామనేవాళ్లకు అది ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎప్పుడు పోతుందో అసలే తెలియదు. రెండు వేవ్‌ల మధ్య దొరికిన ఈ సందు వీళ్ల కోసమే.

కొవిడ్ వచ్చి తగ్గినవాళ్లు

ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటా వచ్చిపోయింది కాబట్టి ఇది చాలామందికి పట్టే విషయం. 116 దేశాల నుంచి లక్షా నలభై వేల మంది ఆపరేషన్ల లెక్కలు తీసి 2021 మార్చిలో ఒక అధ్యయనం వచ్చింది. కొవిడ్ రానివాళ్లలో 30 రోజుల్లో మరణాలు 1.5 శాతం. కొవిడ్ తేలిన రెండు వారాల్లోపు ఆపరేషన్ చేస్తే 4.1, మూడు నాలుగు వారాల్లో 3.9, ఐదారు వారాల్లో 3.6. ఏడు వారాలు దాటితే మళ్లీ 1.5. అంటే తగ్గుదల మెల్లగా రాలేదు, ఏడో వారం దగ్గర ఒక్కసారిగా వచ్చింది. ఐదు వారాలైంది కదా అని తొందరపడితే పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. మే మొదటి వారంలో పాజిటివ్ వచ్చినవాళ్లకు ఇప్పటికి ఆ గడువు తీరిపోయింది.

అయితే ఏడు వారాల తర్వాత కూడా దగ్గు, ఆయాసం వదలనివాళ్లలో మరణాలు 6 శాతం ఉన్నాయి. వాళ్లకు కేలండర్ చూసి తేదీ పెట్టకూడదు, మనిషిని చూసి పెట్టాలి. ఇక్కడే ఒక చిక్కు: ఆయాసం కొవిడ్ మిగిల్చిందా, గుండెదా? ఇంట్లో కూర్చుని తేల్చలేరు. ఛాతీ సీటీ, మళ్లీ ఒక ఎకో అడగండి.

కొవిడ్ తగ్గినవాళ్లు సర్జన్‌కు చెప్పడం మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి స్టెరాయిడ్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినా, ఆస్పత్రిలో ఇచ్చినా, స్టెరాయిడ్ వాడినవాళ్లకు షుగర్ ఎగిరింది. అంతకుముందు షుగర్ లేనివాళ్లకూ బయటపడింది. షుగర్ అదుపులో లేకుండా ఛాతీ ఎముక కోస్తే పుండు మానదు. ఆ పుండు చీము పట్టిన మనిషిని ఐసీయూలో చూసినవాళ్లు ఈ మాట తేలిగ్గా తీసుకోరు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించండి. రెండోది రక్తం పలచబరిచే కొత్త బిళ్లలు. డీ-డైమర్ (రక్తం గడ్డకడుతోందా అని చూసే పరీక్ష) ఎక్కువుందని డిశ్చార్జ్‌లో రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటివి రాసి పంపారు. ఆ చీటీ ఫొటో తీసి పెట్టుకోండి, సర్జన్‌కు చూపించండి. మీ అంతట మీరు ఆపొద్దు, చెప్పకుండా ఆపరేషన్ బల్ల ఎక్కొద్దు.

స్టెంట్‌తో సరిపెట్టుకుందామా?

ఈ మధ్య ఎక్కువగా వింటున్న బేరం ఇది. బైపాస్ అంటే ఛాతీ తెరవాలి, ఐసీయూలో ఉండాలి, వారం పైన ఆస్పత్రి. స్టెంట్ అంటే ఇవాళ పోయి ఎల్లుండి రావడం. కొవిడ్ కాలంలో స్టెంటే నయం కదా?

ఒకటి రెండు నాళాలైతే నయమే. షుగర్ ఉండి మూడు నాళాల్లో అడ్డున్నవాళ్లకు కాదు. 2012లో అచ్చయిన ఫ్రీడమ్ అధ్యయనం షుగర్ ఉండి ఒకటికన్నా ఎక్కువ నాళాల్లో అడ్డున్న 1,900 మందిని గమనించి 5 ఏళ్ల లెక్క చెప్పింది. స్టెంట్ వేసుకున్నవాళ్లలో 16.3 శాతం, బైపాస్ చేయించుకున్నవాళ్లలో 10.9 శాతం మరణించారు. బైపాస్‌లో పక్షవాతం కొంచెం ఎక్కువ వచ్చిన మాట నిజం, అయినా మొత్తం మీద మొగ్గు బైపాస్‌కే. నాలుగు రోజులు తక్కువ ఆస్పత్రిలో ఉండడం కోసం 5 ఏళ్ల లెక్కను తాకట్టు పెట్టడం నాకు నచ్చదు. వేవ్ నడిమధ్యలో నొప్పి ఆగక, బైపాస్ చేసే దిక్కులేక, అడ్డున్న ముఖ్యమైన నాళానికి స్టెంట్ వేశారంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా, స్టెంట్ తర్వాత రక్తం గడ్డకట్టనివ్వని రెండు రకాల బిళ్లలు నెలల తరబడి ఆపకూడదు కాబట్టి, వెంటనే ఇంకో ఆపరేషన్ పెట్టుకోవడం కుదరదని తెలుసుకుని ఒప్పుకోండి.

లోహపు వాల్వా, టిష్యూ వాల్వా

మామూలు రోజుల్లో ఇది వయసును బట్టి తేలుతుంది: 50 లోపు వాళ్లకు లోహపుది, 65 దాటినవాళ్లకు టిష్యూ, నడుమవాళ్లకు మాట్లాడుకుని. లోహపుది అరగదు, కానీ జీవితాంతం ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే బిళ్ల వేసుకుంటూ, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూపించుకోవాలి. టిష్యూకు సాధారణంగా జీవితాంతం ఆ బిళ్ల అక్కర్లేదు, కానీ పదీ పదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. లాక్‌డౌన్ ఈ తూకంలో ఒక రాయి వేసింది. బస్సుల్లేక ఐఎన్ఆర్ చూపించుకోలేక, పాత డోసే గుడ్డిగా వేసుకున్న పల్లెటూరి వాళ్లున్నారు. బిళ్ల ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే వాల్వ్ పట్టేస్తుంది. ఏటూరునాగారం అవతల ఉండి నెలనెలా రక్త పరీక్షకు రాలేనివాళ్లు 55 ఏళ్లకే టిష్యూ అడిగినా నేను కాదనను. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలు ఈ బిళ్ల గురించి ముందే మాట్లాడుకోవాలి, కడుపులో బిడ్డకు అది మంచిది కాదు.

లోహపు వాల్వ్‌ల్లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ రూపొందించిన మన దేశపు వాల్వ్ ఉంది. 1990 నుంచి మనుషులకు వేస్తున్నారు, విదేశీ వాటికన్నా చవక. ఖరీదు తక్కువని దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

వరంగలా, హైదరాబాదా

వరంగల్‌లోని ప్రభుత్వ పెద్దాస్పత్రి ఎంజీఎం రెండు వేవ్‌ల్లోనూ కొవిడ్ భారం మోసింది. గుండె ఆపరేషన్ కోసం 2021 జూన్‌లో దానివైపు చూడలేని పరిస్థితి. 2021 జూన్ 21న పాత సెంట్రల్ జైలు జాగాలో పెద్దాస్పత్రికి శంకుస్థాపన జరిగింది, సంతోషమే, కానీ అది లేచేదాకా మన గుండెలు ఆగవు. కాబట్టి ఉన్నవి హన్మకొండలోని ప్రైవేటు ఆస్పత్రులు, లేదంటే దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్. అక్కడ గాంధీ ఆస్పత్రిని 2021 సెకండ్ వేవ్‌లో కొవిడ్‌కే కేటాయించారు. ప్రభుత్వ వైపు నిమ్స్‌లో చేస్తారు, వరుస పొడుగు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ప్రైవేటులో కూడా బైపాస్, వాల్వ్ ఆపరేషన్లకు దారి ఉంది. డెస్క్‌లో కూర్చునే ఆరోగ్యమిత్రను పట్టుకోండి. ఆపరేషన్ తర్వాత కొవిడ్ వస్తే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చేరకముందే కాగితం మీద అడగండి.

మొదటిసారి బైపాస్, ఈఎఫ్ బాగుంది, వయసు 70 లోపు అయితే, ఆ జట్టు క్రమం తప్పకుండా ఆపరేషన్లు చేస్తున్నదైతే, హన్మకొండలోనే చేయించుకోమంటాను. ఆపరేషన్ రోజు ఒక్కటే కాదు, తర్వాతి రెండు నెలలూ ముఖ్యం. పుండు తడిసినా, ఆయాసం వచ్చినా గంటలో చేసిన డాక్టరు దగ్గరుంటారు. రెండోసారి ఛాతీ తెరిచేవాళ్లు, ఈఎఫ్ 30 లోపు ఉన్నవాళ్లు, రెండు వాల్వ్‌లు మార్చాల్సినవాళ్లు, పిల్లలు హైదరాబాద్ పోవడమే మేలు. పోయేటప్పుడు రైలు కన్నా సొంత కారో, మాట్లాడుకున్న కారో. వచ్చేటప్పుడు వెనక సీట్లో, ఛాతీకి దిండు ఆనించుకుని, జనగామ దగ్గర దిగి నాలుగడుగులు నడిచి రావాలి.

ఊరికన్నా ముఖ్యం ఆ ఆస్పత్రి కొవిడ్‌ను ఎట్లా విడదీసింది అన్నది. గేటు దగ్గర నుదుటికి పెట్టే ఉష్ణోగ్రత మిషన్ చూసి మోసపోకండి. కొవిడ్ వార్డుకూ గుండె ఐసీయూకూ లిఫ్ట్ వేరా? ఈ వారం కొవిడ్ డ్యూటీ చేసిన నర్సు వచ్చే వారం గుండె ఐసీయూకు వస్తుందా? సిబ్బంది అందరికీ రెండు డోసులు అయ్యాయా? పేషెంట్‌తో పాటు ఉండే ఒక్క మనిషికి కూడా పరీక్ష చేస్తారా? ఇవన్నీ అడిగాక ఒకటి అడగండి, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది: "ఆపరేషనైన మూడో రోజు మావాళ్లకు పాజిటివ్ వస్తే ఏ గదికి తీసుకుపోతరు, అక్కడ గుండె పేషెంట్‌ను చూసుకునేదెవరు?" వెంటనే గది చూపించినవాళ్లు ఆలోచించి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు. "అట్లేం కాదమ్మా, మీరు భయపడకండి" అన్నవాళ్ల దగ్గర నేనైతే చేరను. రోజుకు ఒకటి రెండు ఆపరేషన్లతో మెల్లగా మొదలుపెట్టామని చెప్పే ఆస్పత్రిని, ఆగిపోయిన కేసులన్నీ వారంలో లాగించేస్తున్న ఆస్పత్రి కన్నా ఎక్కువ నమ్ముతాను.

రక్తం సంగతి కూడా అడగాలి. 2021 సెకండ్ వేవ్‌లో రక్తదాన శిబిరాలు జరగక బ్లడ్ బ్యాంకులు ఖాళీ అయ్యాయి. ఇద్దరు ముగ్గురు ఆరోగ్యవంతులైన చుట్టాలను ముందే మాట్లాడి పెట్టుకోండి.

తేదీ ఖాయమయ్యాక

టీకా: వేయించుకోకపోతే ఇప్పుడే, ఆపరేషన్‌కు కనీసం వారం ముందు. టీకా జ్వరమా, ఇన్ఫెక్షన్ జ్వరమా అని తికమక ఉండదు. కోవిషీల్డ్ రెండో డోసుకు 2021 జూన్‌లో 12 నుంచి 16 వారాలు అన్నారు. ఆగగలిగినవాళ్లు దాని కోసం ఆగవచ్చు, నడిమి గుంపువాళ్లు ఒక్క డోసుతోనే పోవాలి.

ఆర్టీపీసీఆర్ (కొవిడ్ పరీక్ష) రిపోర్టు మూడు రోజుల్లోపుది 2021లో అడిగేవారు. అంటిన తొలి రోజుల్లో అది నెగెటివ్ చూపవచ్చు కాబట్టి అసలు రక్షణ అంతకుముందు రెండు వారాలు ఇంట్లో కదలకుండా ఉండడమే. 2021 జూలైలో ఆషాఢం బోనాలు. పేషెంట్ పోకపోతే చాలదు, ఆ ఇంట్లో నుంచి ఎవరూ పోకూడదు. బయట తిరిగే కొడుకు వేరే గదిలో పడుకోవాలి. కొవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు మూడు నెలల్లోపు మళ్లీ ఆర్టీపీసీఆర్ చేస్తే చచ్చిన వైరస్ ముక్కలకు కూడా పాజిటివ్ రావచ్చు, అందుకే పాత రిపోర్టు తేదీతో సహా చూపించండి. ఈ రెండు వారాల్లోనే మూడు బంతుల ఊపిరి మిషన్ కొని గంటకోసారి పీల్చడం అలవాటు చేయండి. వాల్వ్ ఆపరేషనైతే పుచ్చుపళ్లు ముందే చూపించుకోవాలి. క్లోపిడోగ్రెల్ సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ చాలాసార్లు కొనసాగిస్తారు. ఏది ఎప్పుడన్నది సర్జన్ రాసిచ్చిన చీటీ ప్రకారమే, వాట్సాప్ ప్రకారం కాదు.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చేవాళ్లను నెల రోజులు గుమ్మం బయటి నుంచే పలకరించి పంపండి, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. జ్వరం వస్తే, ఇంటింటి జ్వరం సర్వేలో ఇచ్చిన కొవిడ్ మందుల కిట్ విప్పి బిళ్లలు మొదలుపెట్టకండి. కొవిడ్ పరీక్ష చేయించండి, అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయండి. వాల్వ్ వేయించుకున్నవాళ్లయితే యాంటీబయాటిక్ ఒక్క బిళ్ల కూడా పడకముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వాలి. బిళ్ల పడ్డాక ఇస్తే వాల్వ్‌కు పట్టిన క్రిమి పరీక్షలో దొరక్కపోవచ్చు. ఎసిట్రోమ్ వేసుకునేవాళ్లకు ఆ యాంటీబయాటిక్‌తో ఐఎన్ఆర్ కూడా పెరగవచ్చు, మూడు నాలుగు రోజుల్లో మళ్లీ చూపించండి.